మొత్తం ఎంతో మొదటి పేజీలోనే చెప్పించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

పోయిన నెల బెంగళూరు నుంచి మా పెద్దమ్మ వాళ్లు దర్శనానికి వస్తున్నారని ఒక యాప్‌లో గది, కారు కలిపి బుక్ చేశాను. మొదట కనిపించింది 2,400 రూపాయలు. పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు అన్నీ కొట్టి చివరి పేజీకి వెళ్లేసరికి 3,110 అయింది. పన్ను సరే, కడతాం. 'కన్వీనియెన్స్ ఫీజు' మాత్రం ఎవరి కన్వీనియెన్స్‌కో అర్థం కాలేదు. కింద చిన్న అక్షరాల్లో 59 రూపాయల ఇన్సూరెన్స్, అడక్కుండానే టిక్కు పెట్టి ఉంది. దర్శనం టైముకి అందుకోవాలన్న టెన్షన్‌లో అదంతా ఎవరు చూస్తారండీ?

ధరను విడతలుగా పెంచడం, అడగనిది బుట్టలో వేయడం కుదరదని కేంద్రం 2023 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చెప్పిన 13 మాయల్లో ఈ రెండూ ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఊరికి కొత్తగా వచ్చిన యాత్రికుడికి ఆ నంబరు ఎవరు చెప్పాలి? బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో, అలిపిరి దగ్గర తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో బోర్డులు పెట్టించండి. ఇక్కడి లాడ్జీల వాళ్లను, ట్రావెల్స్ వాళ్లను ఒకసారి పిలిచి మాట్లాడండి.

మా పెద్దమ్మ 'ఎంతైందిరా?' అని అడిగితే 2,400 అనే చెప్పాను.

ఇట్లు,
తిరుపతి వాసి