ఒక్క గోల్ కొట్టనియ్యి తమ్ముడూ

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి రెండు రోజులైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పక్కకి తిరిగితే ఎముకల నొప్పి. ఫోన్ పక్కన పెట్టి రెస్ట్ తీసుకోమన్నారు డాక్టరు గారు. కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. తప్పులుంటే సర్దుకోండి, పడుకుని ఒక్క వేలితో కొడుతున్నాను.

విషయం మీలో చాలామందికి తెలిసిపోయింది. మొన్న కాదు అటు మొన్నటి ఆదివారం ఆఫీసు వాళ్ళతో ఫుట్‌బాల్ ఆడుతూ గ్రౌండ్‌లోనే పడిపోయాను. 'హార్ట్ ఎటాక్ అట కదా' అని అందరూ అడుగుతున్నారు. అదీ వచ్చింది, దాంతో పాటు గుండె కొట్టుకోవడమే ఆగిపోయింది. ఈ రెండూ వేరువేరని నాకూ ఇప్పుడే తెలిసింది. గుండెకి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే హార్ట్ ఎటాక్, అప్పుడు మనిషి మాట్లాడుతూనే ఉండొచ్చు. ఆ దెబ్బకి లయ తప్పి గుండె ఊరికే వణుకుతూ ఉండిపోతే మాత్రం రక్తం ఎక్కడికీ పోదు, మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. నాకు మొదటిది వచ్చి రెండోదాన్ని వెంట తెచ్చింది. రెండు వారాల నుంచీ మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు ఉంటే గ్యాస్ అనుకున్నాను. ఆ తెలివి నాదే.

నన్ను బతికించినవాడు మా టీమ్ వాడు కాదు. ఆ టైమ్‌కి మాతో గొడవ పడుతున్నవాడు.

మా స్లాట్ అయిపోయింది. తర్వాతి బ్యాచ్ కుర్రాళ్ళు గీత బయట నిలబడి ఉన్నారు. స్కోరు 4-4. వాళ్ళలో ఒకడు లోపలికొచ్చి, "అన్నా, మా టైమ్ మొదలై అయిదు నిమిషాలైంది" అన్నాడు. "ఒక్క గోల్ కొట్టనియ్యి తమ్ముడూ" అన్నాను. అతను విసుక్కున్నాడు. నేనూ ఇంకో మాట అన్నాను, అనాల్సింది కాదు. ఆ తర్వాత బంతి నా కుడివైపుకి రావడం గుర్తుంది. అక్కడితో సరి. ఇక్కడి నుంచి నేను రాసేదంతా ఇతరులు చెబితే విన్నదే.

మా వాళ్ళంతా నేను టైమ్ కోసం నటిస్తున్నాననుకున్నారట. ఈ విషయంలో నాకున్న పేరు అలాంటిది, ఎవరినీ తప్పుపట్టను. తర్వాత గురక లాంటి శబ్దం వచ్చిందట, ఊపిరి ఆడుతోంది కదా అని కొందరు కుదుటపడ్డారు. అది ఊపిరి కాదనీ, గుండె ఆగినప్పుడు అలా ఎగశ్వాస వస్తుందనీ ఆ కుర్రాడికి ఒక్కడికే తెలుసు. "చేతులు అడ్డం పెట్టుకోకుండా పడ్డారన్నా, ఎరిక్సన్ లాగా. అందుకే పరిగెత్తాను" అని తర్వాత చెప్పాడు.

2021 జూన్ 12, యూరో కప్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ మ్యాచ్. త్రో-ఇన్ అందుకోబోతూ, పక్కన ఎవరూ తగలకుండానే డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి ముందుకి పడిపోయాడు. అతని టీమ్ వాళ్ళు చుట్టూ గోడ కట్టి, ఏడుస్తూ బయటికి తిరిగి నిలబడ్డారు. ఆ మ్యాచ్ నేనూ చూశాను. ఏడ్చాను, స్టేటస్ పెట్టాను, అతను బతికాడని తెలిశాక మర్చిపోయాను. ఈ కుర్రాడు అదే మ్యాచ్ చూసి, మర్నాడే సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం, ఎక్కడ నేర్పుతారో కనుక్కుని, ఒక రోజు సెలవు పెట్టి వెళ్ళి నేర్చుకున్నాడు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ అయిదారు సెంటీమీటర్లు కిందికి దిగేలా నొక్కాలి. అంబులెన్స్ రావడానికి 11 నిమిషాలు పట్టింది. లెక్క మీరే వేసుకోండి.

2012లో ఇంగ్లండ్‌లో ముయాంబా అనే ఆటగాడు మ్యాచ్ మధ్యలో గుండె ఆగి పడిపోయినప్పుడు ప్రేక్షకుల్లోంచి ఒక గుండె డాక్టరు మైదానంలోకి దిగొచ్చాడు. మా ఆట చూడ్డానికి ప్రేక్షకులెవరొస్తారు? గ్రౌండ్ ఖాళీ చెయ్యమని అడగడానికి వచ్చినవాడే నాకు దిక్కయ్యాడు.

అయితే నన్ను ఏడిపించింది అతను ఛాతీ నొక్కడం కాదు. మా ఆవిడకి ఫోన్ చేసింది అతనే. మా వాళ్ళందరూ ఫోన్ పట్టుకుని ఏం చెప్పాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారట. అతను తీసుకుని, "అమ్మా, సార్ ఊపిరి తీసుకుంటున్నారు. ముందు అది వినండి. మిగతాది నిదానంగా చెబుతాను" అన్నాడట. ఆంబులెన్స్‌లో రెండో షాక్‌కి గుండె అందుకుని నిమిషం కూడా కాలేదు అప్పటికి. ఆ వరస మా ఆవిడ నాకు ఇప్పటికి పదిసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఇద్దరం ఏడుస్తున్నాం. ఏడిస్తే పక్కటెముకలు కలుక్కుమంటాయి, అదొక బాధ.

మూడో రోజు వార్డుకి వచ్చాడు. చేతిలో సంచి. అందులో కత్తిరించేసిన నా జెర్సీ ముక్కలు, మట్టి దులిపిన ఒక బూటు. రెండోది దొరకలేదట. వస్తూనే, "సారీ అన్నా, రెండు ఎముకలు విరిగాయని విన్నాను" అన్నాడు. ప్రాణం పోసినవాడు నాకు సారీ చెప్పడమేంటి! నేను అతన్ని అన్న మాటకి సారీ చెబుదామని నోరు తెరిస్తే మాట రాలేదు. మీ టైమ్ కూడా నేనే తినేశాను కదా అంటే, "ఆ రోజు ఎవరం ఆడలేదన్నా. బయట కూర్చున్నాం" అన్నాడు. మళ్ళీ ఆడతానో లేదో అని నేను అడగకముందే, "ఎరిక్సన్ మళ్ళీ యూరోకి వచ్చి 1100 రోజులకి గోల్ కొట్టాడు. మీరు తొందరపడకండి" అని చెప్పి వెళ్ళాడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు.

ఐసీయూలో చూడ్డానికి పైకప్పు తప్ప ఏమీ ఉండదు. బుర్రలో మాత్రం బంతే తిరిగింది. నాకు 13 ఏళ్ళప్పుడు, 1994 ప్రపంచ కప్ ఫైనల్‌లో ఇటలీ ఆటగాడు బాజియో కొట్టిన పెనాల్టీ గోల్ పోస్ట్ పైనుంచి వెళ్ళిపోయింది. తల వంచుకుని నిలబడ్డ ఆ మనిషిని చూసి, ఇటలీ ఎక్కడుందో కూడా సరిగా తెలియని నేను వారం రోజులు దిగులుపడ్డాను. ఆ వారమే ఈ పిచ్చి పట్టుకుంది. పరీక్షల ముందు రోజు ఆడాను, ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం ఆడాను. ముందు వింగర్‌ని, ఊపిరి చాలక మిడ్‌ఫీల్డ్‌కి, మోకాళ్ళు చాలక డిఫెన్స్‌కి వచ్చాను. ఇంకా వెనక్కి వెళితే గోల్‌కీపర్‌నే అనుకుంటుంటే ఇలా అయింది.

ఒక్క విషయం కడుపులో పెట్టుకోలేను. ఆ గ్రౌండ్‌లో డిఫిబ్రిలేటర్ ఉంది, లయ తప్పిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రం. ఉందని గోడ మీద బోర్డు కూడా ఉంది. యంత్రం మాత్రం ఆఫీసు గదిలో, గదికి తాళం, తాళంచెవి సెలవులో ఉన్న మేనేజర్ దగ్గర. సీపీఆర్ కూడా చెయ్యకుండా వదిలేస్తే, షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుందట. ఏం చెయ్యాలో ఆ యంత్రమే మాట్లాడి చెబుతుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు కూడా. అలాంటిదాన్ని దొంగలెత్తుకుపోతారని లోపల దాచారట! ఇన్సూరెన్స్ వాళ్ళ సంగతి రాస్తే బీపీ పెరుగుతుంది. ఆ సమయంలో ఏం చేస్తున్నారు అనే గడిలో 'ఫుట్‌బాల్ ఆడుతున్నాను' అని రాస్తే, వృత్తిగానా అని అడిగారు. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని 30 ఏళ్ళుగా కోరిక, కానీ ఇలా కాదు.

మా ఆవిడ, అక్క, బావ రాత్రింబవళ్ళు ఉన్నారు. వాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు. స్టెంట్ వేసిన డాక్టరు గారికి, నర్సులందరికీ నమస్కారాలు.

అయ్యో, ఒకటి మర్చిపోయాను. రెండేసి నిమిషాలకి చేతులు మార్చుకోవాలి కదా, అతనితో పాటు నొక్కింది వాళ్ళ బ్యాచ్‌లోని ఇంకో అబ్బాయి. అప్పటిదాకా ఎప్పుడూ చెయ్యలేదట, పక్కన చూసి చేశాడు. బాబూ, నిన్ను చివర్లో రాసినందుకు ఏమీ అనుకోకు.

అంబులెన్స్ దారి తప్పకుండా రోడ్డు మీదికి పరిగెత్తి చేతులూపింది మా గోల్‌కీపర్. మ్యాచ్ మొత్తంలో అతను గోల్ వదిలి ముందుకొచ్చింది అప్పుడొక్కసారే.

ఆ రాత్రి స్పృహ వచ్చినప్పుడు నేను మొదట అడిగింది స్కోరు అట. నవ్వకుండా 4-4 అని చెప్పిన నైట్ డ్యూటీ సిస్టర్‌కి కూడా నమస్కారాలు. ఆవిడకెలా తెలుసో కనుక్కోవాలి. ఇంక చెయ్యి లాగుతోంది, ఆపుతున్నాను. రెండో బూటు ఎడమ కాలిది, ఎవరికైనా దొరికితే చెప్పండి.