వంటలక్కకు ఆ రంగు ఎందుకు?

సంపాదకునికి,

టీవీ సీరియల్ ‘కార్తీకదీపం’లో దీపగా 2017 నుంచి ఇంటింటికీ వంటలక్క అయిపోయిన ప్రేమి విశ్వనాథ్ కేరళ నటి. మలయాళ ‘కరుత్తముత్తు’లో తొలుత వేసిన పాత్రనే తెలుగులోనూ చేశారు. మాటలు మరొకరివి, కన్నీళ్లు మాత్రం ఆమెవే. 2022లో కథలో దీప చనిపోతే మా ఇంట్లో పెద్దావిడకు ముద్ద దిగలేదు. తర్వాత బతికించారు లెండి!

ఆ నటనకు వంక పెట్టను. నల్లపిల్ల పడే అవమానాలే కథైనప్పుడు, తెల్లని నటి ముఖానికి నల్లరంగు పులమడం ఎందుకు? చామనఛాయ నటీమణులు తెలుగునాట కరవయ్యారా? సీరియల్ నిర్మాతలను, ఆమెకు గొంతునిచ్చిన కళాకారిణిని కూడా మీ ఆదివారం సంచికలో పలకరించండి.

– ఒక పాఠకురాలు, తెనాలి