లిఫ్టు పక్కన అంటించిన గ్రాఫు

సంపాదకులకు నమస్కారం.

లెక్కల్ని గ్రాఫులుగా గీసే టాబ్లో, పవర్ బీఐ, ఎక్సెల్‌లలో ఏది నేర్చుకుంటే ఉద్యోగం తొందరగా వస్తుందంటూ గత ఆదివారం మీ కెరీర్ పేజీలో వేసిన వ్యాసాన్ని మా మేనల్లుడు నా చేత రెండుసార్లు చదివించాడు. వాడు ద్వారకానగర్‌లో డేటా కోర్సులో చేరి రెండు నెలలైంది. నేను ముప్పయ్యేళ్లు గణాంకాల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో టూల్ అంటే గ్రాఫు కాగితం, మూలలు అరిగిన స్కేలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు. అంతమాత్రాన కొత్తవాటి మీద నాకు కోపమేం లేదు. ఆ వ్యాసంలో ఒక్క ప్రశ్న లేకపోవడమే బాధనిపించింది: గీసిన బొమ్మను చూసేదెవరు?

సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటుకు ఈ వేసవిలో వాటర్ ట్యాంకర్ల ఖర్చు బాగా పెరిగింది. మీటింగులో లెక్క చూపించాలన్నారు. "అత్తా, నాకు వదిలెయ్" అని మావాడు రెండు రాత్రులు కూర్చుని పవర్ బీఐలో డ్యాష్‌బోర్డు, అంటే లెక్కంతా ఒకే తెర మీద బొమ్మలుగా కనిపించేది, చేశాడు. నెలకో నీలం బుడగ, దాన్ని నొక్కితే రోజువారీ వివరం. లాప్‌టాప్‌లో చూసి నేనూ మెచ్చుకున్నాను. తీరా లింకు వాట్సాప్ గ్రూపులో పెడితే, అది తెరవడానికి ఆఫీసు మెయిల్ ఐడీ అడిగింది. మా బిల్డింగులో సగం మంది రిటైరైనవాళ్లం, మాకు ఆఫీసు మెయిల్ ఎక్కడిది? మన కంప్యూటర్లో గీసుకోవడానికి అది ఉచితమే, ఇతరులకు పంచుకోవాలంటే మాత్రం సాధారణంగా లైసెన్సు కొనాలి. చివరికి స్క్రీన్‌షాట్ తీసి పంపాడు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. మార్చిలో 26 ట్యాంకర్లు, మేలో 52. బుడగలు చూసి ప్రెసిడెంటు గారు, "మేలో కాస్త ఎక్కువైనట్టుంది, బోరు సంగతి వచ్చే ఏడు చూద్దాం" అని తేల్చేశారు. మావాడి బొమ్మలో తప్పు లేదు. మే బుడగ వైశాల్యం సరిగ్గా రెట్టింపే. కానీ వైశాల్యం రెట్టింపైతే అడ్డంగా పెరిగేది 1.4 రెట్లే, కంటికి ఆనేది అదే. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లోనే ప్రయోగాలు చేసి, ఒకే స్కేలు మీద ఎత్తులు పోల్చడంలో మనం పడే పొరపాటు తక్కువని, వైశాల్యాల దగ్గర ఎక్కువని చూపించారు.

నేను ఎక్సెల్‌లో పది నిమిషాల్లో మూడు నిలువు పట్టీలు గీశాను. స్కేలు సున్నా నుంచి మొదలు, ప్రతి పట్టీ నెత్తిన అంకె. జెరాక్స్ షాపులో నలుపు-తెలుపులో ప్రింటు తీయించి లిఫ్టు పక్కన అంటించాను. మొదట చదివింది మా వాచ్‌మన్, శ్రీకాకుళం వైపు మనిషి. "మే నెల్లో రెట్టింపైపోనాదేటమ్మా!" అన్నాడు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా నోటుబుక్‌లో రాసేది అతనే. ఊళ్లో పండక్కి వెళ్లిన రెండ్రోజులు ఆ బుక్ ఖాళీ. డ్యాష్‌బోర్డులో ఆ రెండ్రోజులూ సున్నాలయ్యాయి. నిజంగా ట్యాంకరు రాలేదా, రాసేవాడు లేడా అని ఏ టూలూ అడగదు కదా!

తెలుగు గోడు ఇంకోటి. మావాడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కూడా గీశాడు. నెలల పేర్లు ముందు డబ్బాలుగా వచ్చాయి, ఫాంటు మార్చాక ఒత్తు విడిపోయి 'ఏప్‌రిల్' అయింది. విసుగొచ్చి ఇంగ్లీషులో పెట్టేశాడు. నా ఎక్సెల్‌లో మాత్రం ఒత్తులు సరిగ్గానే వచ్చాయి.

అలాగని అన్నిటికీ ఎక్సెల్ చాలదు. ఒక షీటులో 10,48,576 వరుసలు దాటవు. రోజూ మారే లెక్కని పదిమంది పది రకాలుగా తిప్పి చూడాలంటే పవర్ బీఐ, టాబ్లో లాంటివే దిక్కు. ఒకే రకం గ్రాఫు ప్రతి నెలా వంద గీయాల్సినవాళ్లకి పైథానో, ఆర్ అనే భాషో హాయి, ఒకసారి రాసుకున్న కోడే మళ్లీ నడుస్తుంది. డబ్బుల్లేవని ఉచితంగా దొరికే టాబ్లో పబ్లిక్ ఎంచుకుంటే, అందులో ప్రచురించింది లోకమంతా చూడొచ్చని తెలిసుండాలి. ఫ్లాట్ల వారీగా మెయింటెనెన్స్ బకాయిలు అందులో పెడతానని మావాడు బయల్దేరితే గట్టిగా ఆపాను. పెట్టుంటే మూడో అంతస్తువాళ్లు నాతో మాట్లాడేవారా?

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు గణితం చదివిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది. ఇక్కడి పిల్లలు ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకోవడానికే వేలకు వేలు కడుతుంటే చివుక్కుమంటుంది.

వచ్చే ఆదివారాల్లో ఎప్పుడైనా, ఫోన్ తెర మీద ఒత్తులు చెదరకుండా తెలుగులో గ్రాఫు గీయడం ఎలాగో తెలిసినవారి చేత రాయించండి. మావాడు కత్తిరించి దాచుకుంటాడు.

- ఒక విశ్రాంత గణాంక ఉద్యోగిని, సీతమ్మధార, విశాఖపట్నం