కట్ట కింది కాలనీల సంక్షేమ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, చెత్త బండి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే నడిచాయి. వాటి జమాఖర్చులు విడి పత్రంలో ఇచ్చాం. ఈ నివేదికలో ఎక్కువగా చెరువు కట్ట గురించే ఉంటుంది, కార్యవర్గం సమయం ఎక్కువగా దానికే పోయింది కాబట్టి.

కొత్తగా ఇళ్లు కొన్నవారి కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. మనం ఉంటున్న నేల ఒకప్పుడు ఈ చెరువు ఆయకట్టు. మడులు పోయి ప్లాట్లు వచ్చాయి, కట్ట మాత్రం పాత మట్టి కట్టే. అప్పట్లో తెగితే ఒక పంట పోయేది. ఇప్పుడు దాని పని శేషాచలం కొండల వైపు నుంచి దిగే వాన నీటిని పట్టి నిదానంగా వదలడం. పూర్వం మన సీమలో చెరువు మరమ్మతు చూసేవారికి దశబంధం మాన్యాలు, అంటే ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చిన భూములు, ఉండేవి, తూము తెరిచి మూయడానికి నీరుగంటి ఉండేవాడు. మనకు వాట్సాప్ గ్రూపు ఉంది.

2021 నవంబర్ వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. రెండు రోజుల తర్వాత మన పక్కన రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలతో ఆ కట్టను నిలబెట్టగలిగారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆనకట్టల భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలని అందులో ఉంది. కానీ అది 15 మీటర్లు దాటిన వాటికి, కొన్ని షరతుల మీద 10 మీటర్లు దాటిన వాటికి మాత్రమే. మన కట్ట ఆ ఎత్తుకు దరిదాపుల్లో కూడా లేదు. అందుకే అదే పద్ధతిని మనమే పెట్టుకున్నాం. మనకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి సెప్టెంబర్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి కట్ట పొడవునా నడిచి చూశాం.

సెప్టెంబర్‌లో కట్ట పైభాగం బాగానే కనిపించింది. పాదం, అంటే కట్ట బయటి వాలు నేలను తాకే చోటు, అక్కడే కథ వేరు. కంప చెట్లు దట్టంగా పెరిగి నేల కనబడలేదు. కొట్టించాక పందికొక్కుల బొరియలు బయటపడ్డాయి. పెద్ద చెట్లను మాత్రం ముట్టుకోలేదు. కొట్టేసి వదిలేస్తే వేళ్లు కుళ్లి, కట్టలో నీటికి దారులవుతాయని రిటైరైన ఇంజినీరు ఒకాయన, మన సభ్యుడే, వద్దన్నారు. చెరువు లోపల కట్టకు ఆనుకుని ఎవరో జేసీబీతో మట్టి తవ్వుకుపోయిన గుంత కూడా కనిపించింది. పూడిక తీస్తే మంచిదే కదా అని కొందరన్నారు. నడి చెరువులో అయితే మంచిదే. కట్ట పక్కన చెరువు అడుగున ఉన్న బంకమన్ను పొరే నీటిని కిందికి దిగనీయకుండా ఆపుతుంది. దాన్ని గీకేస్తే నీరు కట్ట అడుగు నుంచి దారి చూసుకుంటుంది. రెవెన్యూ వారికి ఫిర్యాదు ఇచ్చాం. తవ్వకం ఆగింది, గుంత ఇంకా అలాగే ఉంది.

మొరవ, అంటే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పారే చోటు, దాని సంగతి చెప్పాలంటే కొంచెం మొహమాటంగా ఉంది. చేపల వేలంపాట పాడుకున్నవారు చేపలు పోకుండా మొరవకు అడ్డంగా వల కట్టారు. అక్టోబర్ మధ్యలో వాయుగుండం వానకు ఆ వలకు చెత్తంతా పట్టి, మొరవ పారాల్సిన నీరు చెరువులోనే పెరిగింది. మట్టి కట్ట మీది నుంచి నీరు పొర్లితే ఇక దాన్ని ఆపడం కష్టం. వారిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాం, గొడవ లేకుండానే ఒప్పుకున్నారు. వాన హెచ్చరిక రాగానే వల తీసేస్తామన్నారు. ఫెంగల్ తుఫాను రోజుల్లో మాట నిలబెట్టుకున్నారు కూడా. మొరవ కింది కాలువను ఆక్రమించి గోడ కట్టినవారిలో మన సభ్యులూ ఉన్నారు. వారితో మాత్రం మాట ఇంకా తెగలేదు.

ఆ తుఫానుకే తూముకు ఎడమ పక్క పాదంలో ఊట కనబడింది. గ్రూపులో ఒకటే టెన్షన్. పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనంలో చెరువుకు ఆరు దోషాలు చెప్పారు, కట్ట నుంచి నీరు ఊరడం వాటిలో ఒకటి. అంటే భయం కొత్తదేమీ కాదు. అయితే చూడాల్సింది ఊట ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు, నీటి రంగు కూడా. తేటగా, ఒకే ధారగా ఉంటే కాపలా కాయవచ్చు. బురదగా మారినా, ధార పెరిగినా లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. కుర్రాళ్లు వంతులవారీగా గాజు సీసాలో నీళ్లు పట్టి, టార్చి వెలుగులో చూశారు. తేటగానే ఉంది.

ఆ రాత్రి రెండు సలహాలు గట్టిగా వచ్చాయి. ఒకటి, ఊటకు మట్టి కుక్కి మూసేయమని. అలా మూస్తే నీరు ఆగదు, పక్కన ఇంకో చోట పొడుచుకొస్తుంది. ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు పరిస్తే నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. మర్నాడు ఇరిగేషన్ సిబ్బంది వచ్చి చేసింది అదే. రెండోది, తూము పూర్తిగా ఎత్తి చెరువును రాత్రికి రాత్రే ఖాళీ చేయమని. నీరు ఒక్కసారిగా దిగితే నానిన లోపలి వాలు జారుతుంది. అందుకే నిదానంగా దించారు. ఆలస్యమవుతోందని కార్యవర్గాన్ని తిట్టినవారు ఇది గమనించాలి.

జనవరి తనిఖీకి ఆ చోటు ఆరింది. తూము గోడ పక్కన మట్టి కొంచెం కుంగింది. దాని మరమ్మతుకు ఇచ్చిన అర్జీకి ఇంతవరకు జవాబు లేదు. మళ్లీ ఫొటోలతో పంపాం.

వాకింగ్ ట్రాక్ విషయం. కట్ట మీద సిమెంటు బాట, బెంచీలు, గంగమ్మ గుడి దగ్గర లైట్లు కావాలని చాలామంది సంతకాలు పెట్టారు. కోరిక న్యాయమైనదే, పొద్దున నడక మాకూ ఇష్టమే. కానీ సిమెంటు పరిచాక కింద కట్ట కుంగినా, చీలినా పైకి కనబడదు. తూము పక్క మరమ్మతు, లోపలి గుంత పూడ్చడం పూర్తయ్యేదాకా ట్రాక్ డబ్బు ముట్టుకోకూడదని కార్యవర్గం తీర్మానం పెడుతోంది. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది. తుఫాను రాత్రుల కాపలాకు పేర్లు కూడా అక్కడే రాసుకుంటాం. పోయినసారి భారమంతా రెండు వీధుల కుర్రాళ్ల మీదే పడింది, ఈసారి ప్రతి వీధి నుంచీ కనీసం ఇద్దరు కావాలి.