ఆ మూడు సీసాలు పారబోయొద్దు

ఏలూరు,
ఆదివారం తెల్లవారుజాము

చిరంజీవి రవికి అమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక "ఆ మూడు సీసాలు పారబోయొద్దు" అని మెసేజ్ పెట్టాను. "ఎందుకమ్మా?" అన్నావు. ఫోన్లో తేలే సంగతి కాదు, రాస్తానన్నాను. నాలుగింటికే మెలకువ వచ్చేసింది. నాన్న లేచేలోపు రాసేసి, పేజీలు ఫొటో తీసి పంపుతాను. కాగితం పోస్టులో వస్తుంది, దాన్ని మాత్రం దాచుకో.

కంపెనీల పనివాళ్ళకి మందు, మత్తు పరీక్షలు చేసే ఈ కొత్త ఉద్యోగం నచ్చిందని నీ గొంతులోనే తెలిసింది. "ఇవాళ ఒక్కపూటలో 62 మందికి చేశామమ్మా, ఊదించడం, యూరిన్ రెండూ. యూరిన్‌లో ముగ్గురు పాజిటివ్. అక్కడికక్కడే హెచ్‌ఆర్ మేడమ్‌కి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టేశాను, ఇంత ఫాస్టా అని మెచ్చుకుంది" అన్నావు. నాకు కడుపులో దేవినట్టయింది. ఆ మాట వాళ్ళ ముగ్గురికీ ముందు చెప్పావా, ఆవిడకి ముందు చెప్పావా? ఏ మందులు వాడుతున్నారో అడిగావా? అడిగి ఉంటే ఈ ఉత్తరం చించెయ్. అడగలేదని నాకెందుకో గట్టిగా అనిపిస్తోంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అడగలేదు.

2011లో సంగతి. నువ్వు ఆరో తరగతి. మీ నాన్నకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేను పనిచేసే ల్యాబుకి ఒక లారీల కాంట్రాక్టర్ తన డ్రైవర్లని పంపేవాడు, మత్తుమందుల పరీక్ష చేసి పంపమని. ఆ కిట్లు మాకు కొత్త. మూత్రంలో ముంచితే అయిదు నిమిషాల్లో తేలిపోతుందంటే అబ్బురంగా ఉండేది. ఒకరోజు ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. ఓపియేట్స్, అంటే నల్లమందు జాతి మత్తుమందుల పట్టీలో గీత రాలేదు. రిజిస్టర్లో "పాజిటివ్" అని రాసి, సంతకం పెట్టి, కాగితం కాంట్రాక్టర్ మనిషి చేతికిచ్చేశాను. ఆయన బయట బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఆయనతో ఒక్క మాట అనలేదు.

మూడో రోజు సాయంత్రం మళ్ళీ వచ్చాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. సంచిలోంచి దగ్గుమందు సీసా తీసి కౌంటర్ మీద పెట్టాడు. "నేను తాగింది ఇదేనమ్మా. వారం నుంచి దగ్గు. డ్యూటీ మానలేక తాగాను. ఇందులో ఏముందో చదవడం నాకు రాదు" అన్నాడు. సీసా తిప్పి చూశాను. కోడీన్, అదీ నల్లమందు జాతిదే. ఒంట్లోకి వెళ్ళాక కోడీన్ కొంత మార్ఫిన్‌గా మారుతుందని చదువుకుని పరీక్ష పాసయినదాన్నే. ఆ సీసా మూడు రోజుల ముందు చూసి ఉంటే సరిపోయేది. చూపించమని నేను అడగలేదు.

వెంటనే కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాను. "బండి ఇంకొకడికి ఇచ్చేశాం మేడమ్, మీరిచ్చిన కాగితం మీదే కదా" అన్నాడు. ఇంకో కాగితం రాసి పంపాను. దాన్నెవరూ చదవలేదు. కొన్నాళ్ళకి పాత బస్టాండ్ దగ్గర ఆయన తోపుడు బండి మీద అరటిపళ్ళు అమ్ముతూ కనిపించాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. నేను ఆ దారిన నడవడం మానేశాను.

ఆ స్ట్రిప్ సంగతి నీకు ట్రైనింగ్‌లో ఎంత చెప్పారో తెలీదు, నాకు తెలిసింది నేను చెబుతాను. ఇది గర్భం కిట్‌కి తలకిందులు. మత్తుపదార్థం లేకపోతే గీత వస్తుంది, ఉంటే రాదు. గీత లీలగా వచ్చినా అది గీతే, అది నెగటివే. "సరిగ్గా రాలేదు, పాజిటివ్ రాసేద్దాం" అనే హక్కు నీకు లేదు. పైన కంట్రోల్ గీత లేకపోతే ఆ స్ట్రిప్ చెల్లదు, కొత్తది తీయాలి. కిట్ మీద రాసిన టైము దాటాక చూసింది దేనికీ పనికిరాదు. ఇంత జాగ్రత్తగా చేసినా, స్ట్రిప్‌కి మనిషి తెలియదు, మందు పేరు తెలియదు. అణువు ఆకారం దగ్గరగా ఉంటే చాలు, పట్టేస్తుంది. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్‌ని యాంఫెటమిన్ అనే మత్తుమందు అనుకుంటుంది. ఎసిడిటీకి మనవాళ్ళు ఏళ్ళ తరబడి మింగిన రానిటిడిన్‌తో కూడా కొన్ని కిట్లు అలాగే పొరబడ్డాయి. అందుకే స్ట్రిప్ చెప్పింది అనుమానమే. అణువుల్ని విడదీసి ఏదేమిటో గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ లాంటి యంత్రం మీద నిర్ధారణ అయ్యాకే అది రిజల్ట్. ఒకవేళ నిర్ధారణ అయినా దగ్గుమందు అక్కడ కూడా కోడీన్‌గానే కనిపిస్తుంది. ఆ తరవాత డాక్టర్ చీటీ చూసే మనిషి ఒకరు కావాలి.

గసగసాలు కూడా మరిచిపోకు. ఆదివారం కోడికూరలో నేను నూరి వేసే గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వాటి మీద కొంచెం మార్ఫిన్, కోడీన్ అంటి ఉంటాయి. అమెరికాలో ఉద్యోగుల పరీక్షల్లో ఓపియేట్స్ హద్దు మొదట్లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు. గసగసాలు తిన్నవాళ్ళు, డాక్టర్ రాసిన మందులు వాడినవాళ్ళు ఊరికే పట్టుబడుతున్నారని 1998లో 2000కి పెంచారు. అప్పటికీ గొడవ తీరలేదు. 2023 ఫిబ్రవరిలో అక్కడి రక్షణ శాఖ గసగసాలు తినకండని సైనికులకి చెప్పింది. మీ కిట్ హద్దు ఎంతో పెట్టె మీద చూడు. 300 అని ఉంటే, పెళ్ళిభోజనం చేసి వచ్చినవాడి ముందు నువ్వు మరీ జాగ్రత్తగా ఉండాలి.

అమెరికాలో లారీలు, బస్సులు, రైళ్ళు నడిపేవాళ్ళ పరీక్షల్లో ఒక పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టం. ల్యాబులో పాజిటివ్ వస్తే ఆ కాగితం నేరుగా యజమానికి వెళ్ళదు. ఒక డాక్టర్ ముందు ఆ మనిషికే ఫోన్ చేసి, ఏం మందులు వాడుతున్నావని అడిగి, తరవాతే కంపెనీకి చెబుతాడు. మన దగ్గర పైలట్లకి, విమానాలకి దారి చెప్పే ఏటీసీ వాళ్ళకి 2022 జనవరి 31 నుంచి ఇలాంటి పరీక్షలున్నాయి. వాళ్ళలోనూ స్ట్రిప్ పాజిటివ్ వస్తే డ్యూటీ నుంచి తప్పించి, నిర్ధారణ పరీక్షకి పంపుతారు. మొదటిసారి దొరికినవాళ్ళని మత్తు అలవాటు మాన్పించే డీఅడిక్షన్‌కి పంపాలని కూడా ఉంది. ఆకాశంలో విమానం నడిపేవాళ్ళకి ఉన్న ఆ అవకాశం గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడికి ఉండకూడదా?

ఇవన్నీ చదివి అమ్మ మెతకబడిందనుకోకు. మీ చిన్న మావయ్యని నువ్వు ఫొటోలోనే చూశావు. హనుమాన్ జంక్షన్ దాటాక వాడి స్కూటర్‌ని గుద్దిన లారీ డ్రైవర్ తాగి ఉన్నాడని దాబా దగ్గర నలుగురు చెప్పారు. కానీ ఆ డ్రైవర్ రక్తం తీసింది మర్నాడు మధ్యాహ్నం. 100 మిల్లీలీటర్ల రక్తంలో మందు గంటకి దాదాపు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతుంది. ఇంకేం మిగులుతుంది? రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. మా అమ్మ ఆ కాగితం పట్టుకుని "ఏమీ లేదంటే ఏమిటే?" అని నన్నే అడిగింది, ల్యాబులో పనిచేసేదాన్ని కదా అని. అందుకే చెబుతున్నాను, ఈ పరీక్ష ఉండాలి. రోడ్డెక్కే ప్రతివాడూ ఊదాలి. ఊదించేవాడికి పని తెలియాలి.

ఊదించడంలో అందరూ చేసే తప్పు తొందర. మిషనులోకి వెళ్ళాల్సింది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి. నోట్లో అప్పుడే పోసుకున్న మౌత్‌వాష్, హోమియో చుక్కలు, పులిసిన పండు, ఏదున్నా అంకె ఎగిరిపోతుంది. 2025 జులైలో కేరళలో పందళం బస్సు డిపోలో ఏం జరిగిందో చదివావా? పొద్దున్నే డ్రైవర్లు ఊదితే మిషను మందు చూపించింది. వాళ్ళు తిన్నది పనసతొనలు. నమ్మకం కుదరక, నెగటివ్ వచ్చిన మనిషి చేత అదే పండు తినిపించి ఊదిస్తే ఆయనకీ వచ్చింది. ఆ డిపోలో ఎవరో ఒకరికి ఆగి చూడాలనిపించింది కాబట్టి వాళ్ళ ఉద్యోగాలు నిలిచాయి. నువ్వూ అంకె రాగానే నోరు పుక్కిలించమను. పదిహేను నిమిషాలు ఏమీ తిననివ్వకుండా, తాగనివ్వకుండా నీ ఎదుటే కూర్చోబెట్టు. కొత్త గొట్టం పెట్టి మళ్ళీ ఊదించు. నోట్లోదైతే పోతుంది, రక్తంలోదైతే ఎక్కడికీ పోదు. వచ్చిన అంకె అతనికి చూపించు. రోడ్డు మీద చట్టం గీసిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మీ కంపెనీల్లో సున్నా అంటారేమో, ఆ సంగతి ఊదకముందే అతనికి తెలియాలి. రక్తం తీయాల్సి వస్తే స్పిరిట్ దూదితో తుడవకు. శాంపిల్ చెడకుండా ఉంచే గ్రే మూత ట్యూబులో తియ్యి. ఇవి నాకు కళ్ళు మూసుకున్నా గుర్తే.

గంజాయి లెక్క వేరు. అది రోజూ తాగేవాడి మూత్రంలో వారాల తరబడి, ఒక్కోసారి నెలదాకా కనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగినవాడికి కొద్ది రోజులు. కాబట్టి పాజిటివ్ అంటే "శాంపిల్‌లో ఉంది" అని మాత్రమే. "డ్యూటీలో మత్తుగా ఉన్నాడు" అని నీ చేత్తో ఎప్పుడూ రాయకు, ఎవరు రాయమన్నా సరే.

ఇంకోటి. రాత్రి లెక్క వేశాను. ఒక్కపూటంటే నాలుగు గంటలు, 240 నిమిషాలు. 62 మందికి పంచితే మనిషికి నాలుగు నిమిషాలు కూడా రావు. ఆ టైములో పేరు సరిచూసి, సీసా ఇచ్చి, తెచ్చిన మూత్రం వేడి చూసి (అది 32కీ 38 డిగ్రీలకీ మధ్య ఉండాలి, నాలుగు నిమిషాల్లోపే చూడాలి), రెండు సీసాల్లోకి పంచి, అతని కళ్ళెదుటే సీలు వేసి, దానిమీద అతనిచేత సంతకం పెట్టించడం నీ ఒక్కడి వల్ల అయ్యే పనేనా? ఇంకో మనిషిని ఇవ్వమని మీ మేనేజర్‌ని అడుగు. ఇవ్వకపోతే 30 మందికే చెయ్యి.

వాట్సాప్ ఫొటోల సంగతి నాకు అన్నిటికన్నా బాధ. స్ట్రిప్ పక్కన పేరున్న చీటీ కూడా పడింది కదా? ఆ ఫొటో రేపు ఇంకో గ్రూపులోకి వెళ్తే ఆ కుర్రాడి పెళ్ళి సంబంధం కూడా చెడుతుంది. ముందు నీ ఫోన్లోంచి తీసెయ్. ఆవిడకి కూడా మర్యాదగా చెప్పు, తీసెయ్యమని. రిపోర్టు వెళ్ళాల్సింది ఒక్కరికి, సీల్ చేసిన కవర్లో.

ఇళ్ళకి కూడా కిట్లు అమ్ముతున్నామన్నావు. కొడుకు నిద్రపోతుంటే బాత్‌రూమ్‌లోంచి శాంపిల్ దొంగతనంగా తెచ్చే తండ్రి ఒకరోజు నీ దగ్గరికి వస్తాడు. కిట్ అమ్మనని మొహం మీద చెప్పకపోయినా, ముందు అబ్బాయితో ఒక్క పూట కూర్చుని మాట్లాడమని చెప్పు. 14446 నంబర్ రాసి ఇవ్వు, అది డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం. నీ మీద అనుమానం వచ్చి ఉన్నా నేను మాత్రం నిన్నే అడిగేదాన్ని.

ఇక రేపు చేయాల్సిన పని. ఆ మూడు సీసాలూ ఫ్రిజ్‌లో పెట్టించు. సీలు లేకపోతే, ఆ మాట దాచకుండా రాసి, వాళ్ళని పిలిచి మళ్ళీ శాంపిల్ తీసుకో. ముగ్గురితోనూ విడివిడిగా, తలుపు వేసి మాట్లాడు. వారం రోజుల్లో మింగిన ప్రతి మాత్ర, తాగిన ప్రతి మందు పేరు రాసుకో. చదవడం రానివాళ్ళని సీసా తెమ్మని చెప్పు. నిర్ధారణ అయ్యేవరకు ఎవర్నీ తీసేయొద్దని హెచ్‌ఆర్ మేడమ్‌కి కాగితం మీద రాసి ఇవ్వు. మెచ్చుకోకపోతే మానె. ఆ పరీక్ష ఖర్చు ఎవరు పెట్టుకుంటారని మేనేజర్ అంటే నాకు ఫోన్ చెయ్యి. ముగ్గురిదీ నేను కడతాను. నా దగ్గర తీసుకోవడానికి మొహమాటపడకు, ఆ డబ్బు 2011 నుంచి నా దగ్గర బాకీ ఉన్నదే.

నాన్న లేచారు, కాఫీ అడుగుతున్నారు. ఉంటాను.

ఇట్లు,
మీ అమ్మ