ఎయిట్ హండ్రెడ్‌లో కొత్త చప్పుడు

కంచరపాలెం, విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

మొన్న ఫోన్‌లో "బండి ఎలా ఉందిరా" అని నువ్వు అడిగితే "బాగుంది, తర్వాత చెప్తా" అని పెట్టేశాను. అప్పటికి బాగోలేదు. వారం రోజులు సరిగా నిద్ర పట్టలేదు నాకు. ఇవాళ మధ్యాహ్నానికి సంగతి తేలింది. రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వు క్లచ్ వదలడం నేర్చుకున్నది ఈ బండి మీదే కదా, నీకు కాకపోతే ఇంకెవరికి రాస్తాను?

మన మారుతి ఎయిట్ హండ్రెడ్ కారు వయసు నీకు తెలుసు. 1997 మోడల్, ఏపీ 31 నంబరు, కార్బొరేటర్ బండి. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వేపకొమ్మ విరిగిపడి దీని పైకప్పు సొట్టపోయింది, గుర్తుందా? ఇంజన్‌కి మాత్రం ఏమీ కాలేదు. ఉప్పుగాలికి డోర్ల అడుగున తుప్పు పడుతూనే ఉంటుంది, ఏటా గీకి రంగు వేస్తూనే ఉంటాను. అమ్మేయమని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్తారు. నాన్న ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను.

కిందటి ఆదివారం తీరిక దొరికిందని బానెట్ ఎత్తాను. సిలిండర్‌కి ఒకటి చొప్పున ఉండే మూడు స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బెల్టు మార్చాను. ఇంజన్ పైన వాల్వుల్ని నొక్కే టాపెట్ల మీది మూత, అదే టాపెట్ కవర్, దాని దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోందని ఆ ప్యాకింగ్ కూడా కొత్తది వేశాను. సామానంతా ముందురోజే గాజువాక ఆటోనగర్‌లో కొనుక్కొచ్చాను. సాయంత్రం అయిదింటికల్లా పని అయిపోయింది. సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది. చీకటి పడేలోపు చేతులు కడుక్కుని, తృప్తిగా అన్నం తిన్నాను.

సోమవారం పొద్దున స్టార్ట్ చేయగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏంట్రా, బండి కుట్టుమిషన్‌లా చప్పుడు చేస్తోంది?" అంది. సరిగ్గా అదే పోలిక మావా. టిక్ టిక్ టిక్ టిక్ అని వరసగా, సన్నగా. దాని మీద ఇంకో కీచుమనే శబ్దం. నా కడుపులో ఏదో తిప్పినట్టయింది. నిన్నటిదాకా గుమ్మం దాటితే వినపడని బండి ఇది. నా చెయ్యి పడ్డాకే ఈ మోత మొదలైంది.

కీచు సంగతి తొందరగానే తేలిపోయింది. రాత్రి మంచుకి బెల్టు తడిసి, బిగుతు చాలక జారుతోంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపే కుంగాలి, ఇది అంతకు బాగా ఎక్కువ కుంగుతోంది. ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి, లాగి పట్టుకుని బిగిస్తే కీచు పోయింది. టిక్ టిక్ మాత్రం అలాగే ఉంది.

బుధవారం ఆఫీసుకి సెలవు పెట్టి ఒక గ్యారేజీలో చూపించాను. అతను రెండు నిమిషాలు విన్నాడు. "టాపెట్లు పోయాయి సార్, ఇంజన్ పైనున్న హెడ్ దింపాలి, పద్నాలుగు వేలు అవుతుంది" అన్నాడు. డబ్బు మాట పక్కన పెట్టు, నాకు ఆ మాట మనసుకి ఎక్కలేదు. శనివారం దాకా బాగున్న టాపెట్లు ఒక్క రాత్రిలో అరిగిపోతాయా? నేను వాటిని ముట్టుకోలేదు కూడా, పైన కవర్ తీసి ప్యాకింగ్ మార్చి మళ్లీ పెట్టానంతే. బండి వెనక్కి తెచ్చేశాను.

అయినా అతను అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు, ఆ రాత్రి అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఫోన్‌లో చప్పుడు రికార్డు చేసి, వేగం బాగా తగ్గించి వింటూ లెక్కపెట్టాను. పది సెకన్లకి దాదాపు డెబ్బై అయిదు టిక్కులు వచ్చాయి, అంటే నిమిషానికి 450. ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు) ఈ ఇంజన్ నిమిషానికి 900 చుట్ల దగ్గర తిరుగుతుంది. చప్పుడు సరిగ్గా అందులో సగం! వాల్వుల్ని కదిలించే క్యామ్‌షాఫ్ట్ ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ కంటే సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి టాపెట్ చప్పుడు ఇలాగే వస్తుంది. కానీ మావా, ఒక్కో సిలిండర్‌లో మంట పడేది కూడా రెండు చుట్లకి ఒక్కసారే. కాబట్టి ఒక సిలిండర్ నుంచి గాలి ఎక్కడైనా తన్నుకొస్తున్నా ఇదే లెక్క వస్తుంది. బేరింగో, ఆల్టర్నేటరో, వాటర్ పంపో అయితే ఈ లెక్క కుదరదు. అయినా అనుమానం ఉంచుకోవడం ఎందుకని బెల్టు తీసేసి అర నిమిషం ఇంజన్ నడిపి చూశాను. ఈ బండిలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది, అంతకంటే ఎక్కువసేపు నడపకూడదు. టిక్ టిక్ అలాగే ఉంది. ఆల్టర్నేటరు, వాటర్ పంపు రెండూ లెక్కలోంచి పోయాయి.

ఇక మిగిలింది రెండే. ఒకటి టాపెట్, రెండోది గాలి లీకు. వీటిని విడదీయడానికి బరువు మీద నడిపి చూడాలి. టాపెట్ చప్పుడు ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత వేగంగా వస్తుందే గాని, ఎక్కుడులో బరువు పడిందని పెద్దగా పెరగదు. లీకు అలా కాదు. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, చప్పుడూ పెరుగుతుంది. మన వీధిలో వినడానికి లేదు, రైల్వే యార్డులో రాత్రంతా బోగీల గుద్దుళ్లే కదా. శనివారం తెల్లారుజామున నాలుగున్నరకి లేచి కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్లాను. అక్కడ పోర్టు వైపు పొడుగాటి గోడ ఉంటుంది. అద్దాలు దించి, ఆ గోడకి దగ్గరగా మెల్లగా నడిపితే ఇంజన్ చప్పుడు గోడకి తగిలి తిరిగి చెవిలో పడుతుంది. లోపల కూర్చుంటే వినపడనివి కూడా విడివిడిగా వినిపిస్తాయి. నువ్వు కూడా ఎప్పుడైనా చేసి చూడు. అక్కడి నుంచి సింహాచలం వెళ్లి కొండ ఎక్కించాను. సెకండ్ గేర్‌లో మలుపు తిరిగి తొక్కేసరికి టిక్ కాస్తా టప్ టప్ టప్ అయింది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే దాదాపు లేదు. కొండ మీద బండి పక్కకి ఆపి, మెట్ల దగ్గర నిలబడి అప్పన్నకి దండం పెట్టుకున్నాను. హెడ్ దింపక్కర్లేదని అక్కడే సగం ధైర్యం వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, ఇది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

నాన్నకి చెవులు సరిగా వినపడవని నీకు తెలుసు. ముప్పై ఏళ్లు ఓడల ఇంజన్ గదుల్లో పనిచేసిన మనిషి. ఈమధ్య పక్కన కూర్చుని మాట్లాడినా రెండుసార్లు చెప్పాలి. అందుకే ఈ వారమంతా ఆయన్ని ఇందులోకి లాగలేదు. వినపడని మనిషిని చప్పుడు గురించి అడిగి బాధపెట్టడం ఎందుకని. ఇవాళ పొద్దున నేను బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంటే ఆయనే వచ్చాడు. ఏమైందని అడగలేదు. నా పెట్టెలోంచి పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని, "స్టార్ట్ చెయ్" అన్నాడు. దాని మొన టాపెట్ కవర్ మీద ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకి నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కవర్ మీద మూడు చోట్ల పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత హెడ్ మీద ఒక్కో ప్లగ్గు పక్కన. మధ్య ప్లగ్గు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. నా చెయ్యి పట్టుకుని లాగి, స్క్రూడ్రైవర్ నాకిచ్చి, నా చెవి వెనక తనే ఆనించి పెట్టాడు. ఎముకలోకి నేరుగా కొట్టినట్టు వినిపించింది మావా. మిగతా రెండు చోట్లా మెత్తగా ఉంది, ఇక్కడ మాత్రం గోరుతో గీరినట్టు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లో అయింది ఆయన, నేను కలిసి ఒకే శబ్దం విని.

ఇంజన్ ఆపి, మధ్య ప్లగ్గు మొదట్లో సర్ఫ్ నురగ బ్రష్షుతో పూశాను. స్టార్ట్ చేశాక ప్లగ్గు వైర్ల దగ్గరికి తడిచేత్తో వెళ్తే షాక్ కొడుతుంది, అందుకే ముందే పూయాలి. స్టార్ట్ చేయగానే ప్లగ్గు చుట్టూ బుడగలు పొంగాయి. అక్కడి నుంచే గాలి తన్నుకొస్తోంది.

చల్లారాక ప్లగ్గు ఊడదీశాను, చూడటానికి బాగానే ఉంది. నేను అర్థంకాక చూస్తుంటే నాన్న, "పాతవేవి?" అన్నాడు. డబ్బాలో పడేసిన పాత ప్లగ్గులు తెచ్చి ఆయన అరచేతిలో పోశాను. మూడు ప్లగ్గులున్నాయి, వాటి మొదట్లో ఉండే వాషర్లు రెండే ఉన్నాయి! మూడోది ఊడి, హెడ్‌లో గుంట అడుగునే అతుక్కుపోయింది. నేను చూసుకోకుండా కొత్త ప్లగ్గు దాని సొంత వాషర్‌తో కలిపి దాని మీదే బిగించేశాను. రెండు వాషర్ల మధ్య సరిగా కూర్చోలేదు. పైగా హెడ్ అల్యూమినియం, మరలు పోతాయేమోనన్న భయంతో తక్కువే తిప్పాను. లోపలి వాషర్‌ని సన్నటి తీగ కొంకీతో పైకి లాగాం. ఈ పని చేసేటప్పుడు ఏదైనా సిలిండర్‌లోకి జారితే ఇంకో కథ అవుతుంది, అందుకని నాన్న టార్చి పట్టుకుంటే నేను ఊపిరి బిగపట్టి తీశాను. అది చేతిలోకి వచ్చేసరికి నల్లగా మాడి, చిల్లర నాణెమంత పల్చగా ఉంది. అలా వదిలేసి ఉంటే వేడి హెడ్‌లోకి దిగక ప్లగ్గు మాడిపోయేది, ఎప్పుడో ఎక్కుడులో మరలతో సహా తన్నుకుని బయటికి వచ్చేదేమో కూడా.

ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ పనికిరాదని మధ్యాహ్నం ఎండలో వెళ్లి కొత్త ప్లగ్గు తెచ్చాను. చేత్తోనే చివరిదాకా తిప్పి, ఆనాక పానాతో ఇంకో అర చుట్టు పైచిలుకు బిగించాను. మిగతా రెండూ కూడా విప్పి చూశాను, వాటికింద ఏమీ లేదు. స్టార్ట్ చేశాం. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాడిన వాషర్‌ని నాన్న చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకని అడిగితే వినపడనట్టు ఊరుకున్నాడు. స్క్రూడ్రైవర్ మాత్రం తన గదిలో మంచం పక్కన పెట్టుకున్నాడు. నేనూ తీయలేదు.

సంక్రాంతికి వస్తున్నావు కదా, స్టేషన్‌లో ఆటో ఎక్కకు. ఏ రైలో రాస్తే చాలు, నేనూ నాన్నా బండి తీసుకుని వస్తాం. అక్కడి నుంచి అలాగే భీమిలి దాకా వెళ్లొద్దాం, రుషికొండ దాటాక స్టీరింగ్ నీకే. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ వాడే