స్లో బ్లూస్‌కు టెంపో దించితే చాలదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో వర్చువల్ డ్రమ్మర్ సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన వ్యాసం చాలామందికి పనికొస్తుంది. ఒక్క స్లో బ్లూస్ దగ్గరే కాలు జారింది. ‘ఏదో ఒక రెడీమేడ్ గ్రూవ్ తీసుకుని టెంపో 60కి దించితే సరి’ అని రాశారు (గ్రూవ్ అంటే తిరిగి తిరిగి వచ్చే డ్రమ్స్ నడక, టెంపో అంటే నిమిషానికి పడే బీట్లు). పక్క బాక్సులో 12/8కి (బార్ అనే ఒక్కో ఆవర్తంలో పన్నెండు ముక్కలుండే లయకు) ఇచ్చిన 60 అన్న టెంపో అంకె కూడా తప్పే. ఈ రెండూ నమ్మినవాళ్లు డ్రమ్స్ ఎందుకు ఈడ్చుకుపోతున్నాయో తెలియక తల పట్టుకుంటారు.

మామూలు రాక్ గ్రూవ్‌లో బీటు రెండు ముక్కలవుతుంది. 120 టెంపోలో ఒక్కో ముక్క 250 మిల్లీసెకన్లు. దాన్నే 60కి దించితే 500 అయి కూర్చుంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను ఖాళీ. స్లో బ్లూస్‌లో బీటు మూడు ముక్కలు. 60 దగ్గర ఒక్కో ముక్క సుమారు 333 మిల్లీసెకన్లు. మన లెక్కలో చెప్పాలంటే తిశ్రగతి: తకిట, తకిట, తకిట, తకిట. బార్‌కు నాలుగు తకిటలు, పన్నెండు అక్షరాలు. నోటితో ఈ పన్నెండూ అనుకుంటూ సాఫ్ట్‌వేర్ గ్రిడ్ (తెర మీది గళ్లు) మీద గుర్తులు పెట్టుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. కిక్ (పాదంతో కొట్టే పెద్ద డ్రమ్) 1, 7 అక్షరాల మీద. స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) 4, 10 మీద. హై-హ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాలు) పన్నెండింటి మీదా. 6వ అక్షరం మీదో 12వ దాని మీదో చిన్న కిక్ ఒకటి అదనంగా వేయొచ్చు గానీ, బేస్ గిటార్ కూడా అక్కడ నోటు వాయిస్తుంటేనే. లేదంటే పాట మధ్యలో ఎవరో తలుపు తట్టినట్టు వినిపిస్తుంది.

ఇక టెంపో అంకె. చాలా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రాజెక్టును 12/8లో పెట్టినా టెంపోను క్వార్టర్ నోటుతోనే (12/8లో రెండక్షరాల నిడివి) కొలుస్తాయి. తకిట మొత్తం కలిపితే ఒకటిన్నర క్వార్టర్. అందుకని నిమిషానికి 60 తకిటలు కావాలంటే టెంపో గడిలో 90 కొట్టాలి. మీ బాక్సులో ఉన్నట్టు 60 కొడితే అసలు వేగం 40కి పడిపోతుంది, నాలుగు సెకన్ల బార్ ఆరు సెకన్లవుతుంది. ఈ గొడవ వద్దనుకుంటే ప్రాజెక్టును 4/4లోనే ఉంచి, టెంపో 60 పెట్టి, గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు (బీటుకు మూడు ముక్కలు) మార్చుకోవచ్చు. రెండూ సరైన దారులే, కలపకూడదు. 4/4 ట్రిప్లెట్లతో తయారైన మిడి (ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత బలంగా పడాలో చెప్పే సూచనలు) గ్రూవ్‌ను 12/8 ప్రాజెక్టులోకి లాగితే ఆరు క్వార్టర్ల బార్‌లో నాలుగే నిండుతాయి, పైగా 90 వేగంతో పరిగెడుతుంది. గ్రూవ్ పాడైందనుకుని చాలామంది దాన్ని తీసి పారేస్తారు, పాపం దాని తప్పేమీ లేదు.

లైబ్రరీలో వెతికేటప్పుడు ‘షఫుల్’ అన్న ఫోల్డర్‌లోకి వెళ్లకుండా ‘12/8’ లేదా ‘స్లో బ్లూస్’ అన్నదాంట్లోకి వెళ్లాలి. షఫుల్‌లో తకిటలోని ‘కి’ మౌనంగా ఉంటుంది. స్లో బ్లూస్‌లో మూడక్షరాలూ పలుకుతాయి. స్వింగ్ మీట (కొన్ని దెబ్బలను ఆలస్యం చేసి ఊపు తెచ్చేది) పూర్తిగా ఆపేయాలి. మూడు ముక్కలుగా ఉన్నదాన్ని మళ్లీ స్వింగ్ చేస్తే అక్షరాలు పక్కకు జరిగి కుంటి నడక వస్తుంది.

అసలు పని వెలాసిటీల (ఒక్కో దెబ్బ బలాన్ని చెప్పే అంకెల) దగ్గరుంది. ఒక్క బార్ తీసుకుందాం. ప్రతి తకిటకూ హై-హ్యాట్ వెలాసిటీ 84, 46, 60 వరసలో ఉంటే మొదటి అక్షరం గట్టిగా, నడిమిది మణికట్టు వాలిపోయినట్టు, మూడోది తర్వాతి బీటు వైపు లేస్తున్నట్టు వినిపిస్తుంది. స్నేర్ పడే రెండు చోట్ల హ్యాట్‌ను 72కి తగ్గించాలి, ఆ క్షణం స్నేర్‌ది. స్నేర్ 100 నుంచి 108. మొదటి కిక్ 92, ఏడో అక్షరం మీది కిక్ 84, చిన్న కిక్ 55. స్నేర్ మీద వినీ వినిపించని ఘోస్ట్ నోట్లు కావాలంటే 9, 12 అక్షరాల మీద 25 నుంచి 35 మధ్య. 40 దాటితే చాలా కిట్లలో శాంపిల్ (రికార్డు చేసిపెట్టిన దెబ్బ) పొర మారిపోయి, అది ఘోస్ట్ నోటులా కాక అదనంగా పడిన స్నేర్ దెబ్బలా తేలుతుంది. ఈ అంకెలన్నీ మొదలుపెట్టడానికే. ఒక్కో కిట్ వెలాసిటీకి ఒక్కోలా స్పందిస్తుంది గనక చివరి మాట చెవిదే. అన్నీ 100 దగ్గర వదిలేస్తే మాత్రం ఏ కిట్ అయినా కుట్టుమిషనే. ఒకే వెలాసిటీకి రెండు మూడు శాంపిళ్లను మార్చి మార్చి వాయించే ఏర్పాటు మంచి కిట్లలో ఉంటుంది గానీ, దెబ్బల బలం ఒక్కటే అయినప్పుడు అదీ ఆదుకోలేదు.

తర్వాతిది ఆలస్యం. స్లో బ్లూస్‌లో స్నేర్ కాస్త వెనక్కి వాలి పడాలి. 10 నుంచి 15 మిల్లీసెకన్లు చాలు. క్వార్టర్‌కు 480 టిక్కులు (కాలాన్ని కొలిచే అతి చిన్న ముక్కలు) ఉండే సాఫ్ట్‌వేర్‌లో 4/4, టెంపో 60 అయితే 6 టిక్కులు. 12/8, టెంపో 90 అయితే 9 టిక్కులు. రెండూ పన్నెండున్నర మిల్లీసెకన్లే. 30 మిల్లీసెకన్లు దాటిందంటే హ్యాట్, స్నేర్ రెండు వేరువేరు దెబ్బలుగా విడిపోయి తప్పు వాయించినట్టుంటుంది. కిక్‌నూ హ్యాట్‌నూ కదపొద్దు. మొత్తం ట్రాక్‌ను వెనక్కి నెడితే వాలు రాదు, డ్రమ్మర్ ఆలస్యంగా వచ్చినట్టుంటుంది అంతే. వాలు అనేది నిలబడి ఉన్న హ్యాట్‌తో పోల్చినప్పుడే తెలుస్తుంది. మిడి ట్రాక్‌లో స్నేర్ నోట్లన్నీ ఒకేసారి ఎంచుకుని జరపడం తేలిక. ఏ వాయిద్యానికి ఏ నోటు సంఖ్యో చెప్పే 1991 నాటి జనరల్ మిడి పట్టిక ప్రకారం కిక్ 36, సైడ్‌స్టిక్ (స్నేర్ అంచు మీద కర్రతో కొట్టే దెబ్బ) 37, స్నేర్ 38, మూసిన హ్యాట్ 42, పాదంతో మూసే హ్యాట్ 44, రైడ్ (పెద్ద తాళం) 51. సొంత పట్టికలు వాడే కిట్లూ ఉన్నాయి. హ్యాట్ ఉండాల్సిన చోట ఇంకేదో మోగితే ముందు అనుమానించాల్సింది ఈ పట్టికనే.

మీ వ్యాసంలో తెగ పొగిడిన ‘హ్యూమనైజ్’ మీట గురించి ఒక మాట. అది దెబ్బలను లాటరీ తీసినట్టు అటూ ఇటూ విసురుతుంది. మనిషి చేయి అలా తప్పదు. స్నేర్ వెనక్కి వాలితే ప్రతిసారీ అటే వాలుతుంది, ఫిల్‌లో (నడక మధ్య వచ్చే చిన్న అలంకార వాయింపులో) తొందరపడితే ప్రతిసారీ తొందరే. అందుకే వెలాసిటీని 4, 5 అంకెలు అటూ ఇటూ మార్చడానికి మాత్రం ఆ మీటను వాడి, టైమింగ్ భాగాన్ని సున్నా దగ్గర ఉంచడం మేలు. 333 మిల్లీసెకన్ల ఖాళీల మధ్య హ్యాట్ అడ్డదిడ్డంగా కదిలితే తాగి వాయించినట్టే ఉంటుంది.

ఒక బార్ కుదిరింది కదా అని పన్నెండు సార్లు అతికిస్తే బ్లూస్ అవదు. పాట పన్నెండు బార్ల చుట్టు. నాలుగో బార్ చివర, ఎనిమిదో బార్ చివర చిన్న కదలిక చాలు, ఒక ఘోస్ట్ నోటో, కాస్త తెరిచిన హ్యాటో. పెద్ద ఫిల్ పన్నెండో బార్‌కే. అక్కడ చివరి తకిట మీద స్నేర్, చిన్న టామ్, పెద్ద టామ్‌లను (పక్కనుండే గుండ్రటి డ్రమ్‌లను) 70, 85, 100 వెలాసిటీలతో పెడితే తర్వాతి చుట్టులోకి తోస్తుంది. ఆ మూడక్షరాల మీదా హ్యాట్ నోట్లు తీసేయడం మరిచిపోవద్దు. రెండు చేతులూ టామ్‌ల మీదుంటే హ్యాట్ ఎవరు కొడుతున్నారు? మూడో చేయి ఉన్న డ్రమ్మర్‌ను చెవి ఇట్టే పట్టేస్తుంది. క్రాష్ (గట్టిగా మోగే తాళం) కొట్టిన చోట కిక్ తప్పకుండా ఉండాలి, ప్రతి చుట్టుకూ క్రాష్ మాత్రం అక్కర్లేదు. గొంతు మెల్లగా పాడే చోట స్నేర్ బదులు సైడ్‌స్టిక్. గిటార్ సోలో మొదలవగానే కుడిచేయి హ్యాట్ వదిలి రైడ్‌కు వెళ్లాలి, అప్పుడు 4, 10 అక్షరాల మీద పాదపు హ్యాట్ 50 వెలాసిటీతో మోగాలి. 1950ల చికాగో రికార్డింగులలో ఫ్రెడ్ బిలో లాంటి డ్రమ్మర్లు జాజ్ చేతివాటంతో బ్లూస్ వాయించారు. ఆ తేలికదనం కావాలంటే రైడ్ వెలాసిటీలను హ్యాట్ కన్నా ఇంకో పది తగ్గించి వినండి.

తనంతట తానే వాయించే డ్రమ్మర్లను తీసిపారేయనక్కర్లేదు. ఆపిల్ వారి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో 2013లో వచ్చిన డ్రమ్మర్ అయితే తెర మీది గడిలోని చుక్కను మెత్తదనం, సాదాతనం ఉన్న మూలకు లాగి, ఫిల్స్ మీటను దాదాపు సున్నాకు తెచ్చి, ఆ తర్వాత మిడిగా మార్చి పైన చెప్పిన స్నేర్, వెలాసిటీ పని చేతితో చేసుకోవచ్చు. ఈజీడ్రమ్మర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ గ్రూవ్‌ను ట్రాక్ మీదికి లాగాక అదే పని. ఇంత ఖాళీ ఉన్న సంగీతంలో గది మైకు బాగా వినిపిస్తుంది గనక కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచే పరికరం) రిలీజ్‌ను, అంటే అణచడం ఆపే సమయాన్ని, మరీ చురుగ్గా పెట్టొద్దు, దెబ్బల మధ్య గది శబ్దం ఉబ్బుతుంది.

చివరిగా ఒక మనవి. బాక్సులోని ‘12/8 - టెంపో 60’ అన్న వరుసను వచ్చే ఆదివారం ‘12/8 అయితే 90, 4/4 ట్రిప్లెట్ గ్రిడ్ అయితే 60’ అని సవరించి వేయండి. ఆ బాక్సు కత్తిరించి కంప్యూటర్ పక్కన అంటించుకున్నవాళ్లు ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు